శిక్షించు వోటు, నడిపించు వోటు



ఎన్నికల ఫలితములు వెలువడిన దినమున గెలుపోటముల లెక్క అందరికిని కావలెను. ఎవరు లేచిరి, ఎవరు పడిరి అను చర్చతో వీథులు మారుమ్రోగును. వారము గడచునప్పటికి ఆ ధ్వని యణగిపోవును. నగరపాలనము జరుగునది ఆ పిమ్మటి యైదేండ్లలో. మనము నోరు విప్పునది ఆ యొక్క వారములో. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతముల యనుభవమును ముందుంచుకొని ఈ వైపరీత్యమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

2020 డిసెంబరు 1వ తేదీన హైదరాబాదు మహానగరపాలక సంస్థకు ఎన్నిక జరిగెను. నాటి 150 డివిజనులలో తెలంగాణ రాష్ట్ర సమితికి 56, భారతీయ జనతా పార్టీకి 48, మజ్లిస్ పక్షమునకు 44, కాంగ్రెసునకు 2 లభించెను. 2016లో సమితికి 99 స్థానములు, భాజపాకు 4 మాత్రమే యుండెను. నగరపు తూర్పు కొసన మార్పు మరింత తీవ్రము. ఎల్బీనగర్ శాసనసభా నియోజకవర్గములోని పదునొకండు డివిజనులును, అనగా నాగోలు, హయత్‌నగర్, వనస్థలిపురము మొదలుకొని చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారము వరకు, ఒక్కటియు మిగులకుండ భాజపా వశమయ్యెను.

ఈ తీర్పు వచ్చిన నాటికి ఆ కాలనీల గోడలపై వరదనీటి చారలింకను ఆరలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల ఇండ్లలోనికి నీరు జొచ్చెను. కాలువలు ఇరుకై, వాననీరు పోవు త్రోవలలో కట్టడములు లేచిన ఫలమది. ప్రభుత్వము బాధిత కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పున సాయము మొదలిడెను. ఎన్నికల నియమావళిని బట్టి నవంబరు 18న ఎన్నికల సంఘము దానిని నిలిపివేసెను. ప్రతిపక్షము తాము 25,000 ఇత్తుమనెను. సాయము అవసరమే, కాదనువారము కాము. కాని కాలువను గూర్చిన ప్రశ్న రూపాయలను గూర్చిన ప్రశ్నగా మారిపోయెను. కేంద్ర హోంమంత్రి అమిత్ షా స్వయముగా విచ్చేసి ప్రచారము సాగించిరి. మోరీల బాగు చూడవలసిన సభకు జరుగు ఎన్నిక రాష్ట్రాధికారమునకు ముందస్తు పరీక్ష యయ్యెను.

ఇది మన యొక్కరి జాడ్యము కాదు. 2025 మే 1న ఇంగ్లండులోని కెంటు కౌంటీ సభకు ఎన్నిక జరుగగా 81 స్థానములలో రిఫార్మ్ పక్షము 57 గెలుచుకొనెను. అంతవరకు పాలించిన కన్సర్వేటివులకు 5 మిగిలెను. ఆ సభ చేయవలసిన పనులు రోడ్ల మరమ్మతు, వృద్ధుల సంరక్షణ వంటివి. అచట మిక్కిలిగా మ్రోగినవి వలసల సమస్య, దేశ ప్రభుత్వముపై ఆగ్రహము. స్థానిక సభ పెద్ద కోపములకు చిన్న వాకిలి యగుట అచటను ఇచటను ఒక్కటే.

ఇక మన వోటరును జూడుడు. 2018లో ఎల్బీనగర్ ప్రజలు కాంగ్రెసు అభ్యర్థిని శాసనసభకు బంపిరి. ఆయన పిమ్మట సమితిలో జేరిరి. 2020లో డివిజనులన్నియు భాజపాకు దక్కెను. లింగోజిగూడలో గెలిచిన సభ్యుడు ప్రమాణస్వీకారమునకు ముందే మరణింపగా, 2021 ఏప్రిలు 30న జరిగిన ఉప ఎన్నికలో, సమితి పోటీలో లేనప్పుడు, కాంగ్రెసు గెలిచెను. 2023లో శాసనసభా స్థానము భారత రాష్ట్ర సమితి పరమయ్యెను. ఈ ప్రాంతపు వోటరు ఎవరి సొత్తును కాడు. ఇది మెచ్చదగిన స్వాతంత్ర్యము. కాని యొక మాట: శిక్షించుట నేర్చితిమి, నడిపించుట ఇంకను నేర్వలేదు.

2021లో నగరపు నాలాల విస్తరణకు ప్రత్యేక కార్యక్రమము చేపట్టబడెను. పథకము ప్రకటింపబడుటతో పౌరుని పని తీరునా? శాసనసభ్యుడొక పక్షము, కార్పొరేటరు వేరొక పక్షము, మేయరు పీఠము మరియొకరి చేతిలో నున్నప్పుడు ప్రతివాడును రెండవవానిని వ్రేలెత్తి చూపుట సులభము. ఆ వ్రేలిని మడువగలవాడు తన వీథి లెక్క తెలిసిన పౌరుడొక్కడే.

అట్టి పౌరులెందరు? నాడు నగరమున 74 లక్షలకు పైబడిన వోటరులలో వోటు వేసినవారు 34 లక్షల చిల్లర. నూటికి 46 మందియే. సమితికిని భాజపాకును వచ్చిన వోట్ల తేడా నూటికి ఒకటికి లోపలనే. కాగా ఇల్లు కదలనివారి సంఖ్య గెలిచినవారి కందరికిని వచ్చిన వోట్లకంటె నధికము. చదువుకొన్నవారు, ఉద్యోగులు, పింఛనుదారులు నివసించు కాలనీలలో ఈ మౌనము మరింత సిగ్గుచేటు. నీరు వోటు వేసినవాని యింటిని, వేయనివాని యింటిని వేరుచేసి చూడదు.

కావున మా విన్నపము స్వల్పము. ఎన్నికల వేళ అభ్యర్థి మీ గడప కడకు వచ్చినప్పుడు ఏ పక్షమువాడని అడుగుటకు ముందు, ఈ వీథి వాననీరు ఏ కాలువలో బడి ఏ చెరువునకు బోవునో చెప్పుమనుడు. చెప్పలేనివానికి తెలిసికొని రమ్మనుడు. గెలిచిన పిమ్మట ప్రతి వానకాలమునకు ముందు పది ఇండ్లవారు కూడి, డివిజనుకు మంజూరైన సొమ్మెంత, పూడిక తీసిన కాలువ లెన్ని యని వ్రాతపూర్వకముగా నడుగుడు. స్థానిక స్వపరిపాలనము వోటుపెట్టెలో పుట్టును. పెరుగునది మాత్రము ఇట్టి ప్రశ్నలలోనే.