ఊరి పటంలో ఒక బాట

పట్టాలు అందుకున్న పిల్లలకు, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలకు అభినందనలు.

2011 జనగణనకు ముందు ఇళ్ల జాబితా రాయడానికి జనగామ దగ్గర ఒక ఊరికి వెళ్లాను. పటం గీసి, ఇంటింటికీ నంబరు వేస్తూ పోతుంటే ఒక పెద్దాయన అన్నాడు: "సారూ, ఇగ వాడొక్కటే మిగిలింది." ఊరికీ దళితవాడకూ నడుమ చిన్న బాట. నా పటంలో ఆ బాట ఉంది. అచ్చయిన లెక్కల్లో లేదు. అక్కడ ఊరంతా ఒకే వరుస: మొత్తం జనం, అందులో ఎస్సీలు, ఎస్టీలు.

మొన్న మీలో ఒకరి ప్రాజెక్టు చూశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఒక్కో ఎడం సూచీ, పక్కనే ర్యాంకులు. బిడ్డా, నాకు కోపమొచ్చింది! అమెరికాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఎంత ఎడంగా బతుకుతున్నారో కొలవడానికి 1955లో సమాజశాస్త్రవేత్తలైన డంకన్ దంపతులు ప్రచారంలోకి తెచ్చిన డిస్సిమిలారిటీ ఇండెక్స్ అది. ఒక వర్గంలో ఎంత శాతం ఇల్లు మారితే అన్నిచోట్లా ఒకే పాలు వస్తుందో చెబుతుంది. కానీ "చోటు" అంటే ఏది?

ఒక ఊళ్లో లంబాడీలు కానివాళ్లు 800 మంది, దాని శివారు తండాలో 600 మంది లంబాడీలు ఉన్నారనుకోండి. రెండూ ఒకే పంచాయతీగా ఉంటే లోపలి ఎడం సూచీకి కనబడదు, సున్నా. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండా వేరే పంచాయతీ అయితే అదే సూచీ 100. ఒక్కరూ మూట సర్దుకోలేదు! "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్లతరబడి కొట్లాడి తెచ్చుకున్న హక్కు మీ పట్టికలో వెలిగా మారిపోతుంది. తండాలున్న మహబూబాబాద్, కోయగూడేలున్న భూపాలపల్లి ఎక్కువ విడిపోయినట్టు, వాడను ఊళ్లోనే దాచుకున్న జనగామ కలిసిమెలిసి ఉన్నట్టు కనబడే ప్రమాదం ఇదే. పైగా 2016లో కొత్తగా ఏర్పడిన భూపాలపల్లి జిల్లా, 2019లో ములుగు వేరే జిల్లాగా విడిపోయాక మళ్లీ మారింది. ఏ ఏటి హద్దు వాడారో రాయకుండా పోలికలేమిటి?

ఊరు, వాడ, తండా, గూడెం దేనికదే లెక్కగట్టి, మూడు జిల్లాలకూ ఒకే కొలత పెట్టండి. తండాను ఊరినుంచి దూరం పెట్టినవాళ్లెవరో, వాడకు నల్లా నీళ్లు ఎప్పుడొచ్చాయో అడిగి పక్కన రాయండి.

ఈ ఆదివారం మీ ఊరి పటం గీయండి. బాటను మాత్రం వదిలేయకండి. గీసినవి నాకు తెచ్చి చూపించండి, నా పాత పటం కూడా పట్టుకొస్తాను.