చిన్న పడవ, కొద్దిమంది

(కారంపూడి మహిళల సమావేశంలో ఒక వాలంటీరు టీచరమ్మ చేసిన ప్రసంగం)

 

పోయిన నెల మన పొదుపు సంఘంలో ఒక మాట వచ్చింది. ఈ ఏడు అందరం కలిసి ఎక్కడికైనా పోయి రావాలి అని. కొందరు శ్రీశైలం అన్నారు. కొందరు తిరుపతి అన్నారు. మూల కూర్చున్న ఒక పెద్దమ్మ మాత్రం ఇలా అంది. "నాకు అరవై ఏళ్ళు వచ్చినయ్. ఇంతవరకు సముద్రం చూడలా. నన్ను సముద్రం కాడికి తీసుకుపోండి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నాకు మనసులో ఉండిపోయింది. అందుకే ఈ రోజు సముద్రం అంచున బతికే జీవాల గురించి చెబుతాను. వాటిని చిన్న పడవలో పోయి ఎలా చూసి రావాలో కూడా చెబుతాను.

మన ఊరికి నాగులేరు ఉంది. సముద్రం లేదు. అయినా పడవ మనకు కొత్త కాదు. సాగర్ దగ్గర జాలరులు పుట్టి మీద పోయి వల వేస్తారు. మీలో కొందరు చూసే ఉంటారు. పుట్టి గుండ్రంగా ఉంటుంది. ఒక మనిషి, ఒక తెడ్డు. ఇంజను లేదు. పొగ లేదు. చప్పుడు లేదు.

ఇలాంటిదే ఇంకో పడవ ఉంది. దాని పేరు కయాక్. పుట్టి గుండ్రమైతే ఇది చిక్కుడుకాయలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకరో ఇద్దరో కూర్చుంటారు. తెడ్డుకు రెండు కొసలా రేకు ఉంటుంది. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి నీళ్ళు లాగుతారు. మంచు దేశాల్లో ఉండే ఇన్యూట్ అనే జనం పూర్వం ఈ పడవ చేసుకున్నారు. కట్టెలతో, ఎముకలతో చట్రం కట్టేవాళ్ళు. దాని మీద సీల్ అనే సముద్ర జంతువు తోలు కప్పేవాళ్ళు. చట్రం కట్టేది మగవాళ్ళు. నీళ్ళు కారకుండా తోలు కుట్టేది ఆడవాళ్ళు. కుట్టు ఊడితే పడవలో మనిషి బతకడు. చూశారా, ప్రాణం ఎవరి సూదిలో ఉందో!

ఆ పడవ ఎందుకు చేశారు? చప్పుడు లేకుండా జంతువు దగ్గరికి పోయి వేటాడటానికి. ఇప్పుడు లోకమంతా అదే పడవలో ఊరికే చూడటానికి పోతున్నారు. మన అండమాన్ దీవుల్లోనూ పోతున్నారు. నాలుగైదు పడవలు కలిసి పోతాయి. దారి తెలిసిన మనిషి ముందు ఉంటాడు. అండమాన్ పరాయి చోటు అనుకోకండి. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు.

"ఏంది టీచరమ్మా, మమ్మల్ని అండమాన్ తోలుకపోతావా?" అంటున్నారు వెనక నుంచి. లేదులే అక్కా. మనకు కాకినాడ చాలు.

కాకినాడ నుంచి యానాం పోయే దారిలో కోరంగి అనే ఊరు ఉంది. గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. అక్కడ ఉప్పునీళ్ళలో పెరిగే అడవి ఉంది. దాన్ని మడ అడవి అంటారు. 1978లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యం చేసింది. అంటే అక్కడ వేట కూడదు, చెట్టు కొట్టకూడదు. దాని విస్తీర్ణం సుమారు 58 వేల ఎకరాలు.

టీచరు ట్రైనింగులో నాతో చదివిన అమ్మాయిలతో కలిసి నేను అక్కడికి పోయాను. మేము ఎక్కింది కయాక్ కాదు. చిన్న ఇంజను పడవ. మేము ఆరుగురం. నడిపింది ఆ పక్క ఊరి జాలరి. కాలువ లోపలికి పోయాక ఆయన ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం.

మొదట నాకు ఏమీ కనపడలేదు. రెండు పక్కలా పచ్చని చెట్లు, కింద నల్లని బురద. అంతే. ఆయన వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఒక్కొక్కటే కనపడింది. బురదలో నుంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. అవి మడచెట్టు ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఆడదు కదా, అందుకని వేళ్ళు పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న చెట్టుకు మునక్కాయల్లాగా ఏవో వేలాడుతున్నాయి. అవి కాయలు కావట. మొలకలట! విత్తనం చెట్టు మీదే మొలకెత్తి, పొడుగ్గా పెరిగి, అప్పుడు రాలుతుంది. పడిన చోట బురదలో నాటుకుంటుంది. లేకపోతే నీళ్ళలో తేలిపోయి ఇంకోచోట వేరు పోసుకుంటుంది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోవద్దని చెప్పాడు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు మండుతాయి, చూపు కూడా పోవచ్చు.

బురద మీద ఎండ్రకాయలు. వాటిని అక్కడ పీతలు అంటారు. మగ ఎండ్రకాయకు ఒక చెయ్యి ఇంత, ఇంకో చెయ్యి ఇంతే. పెద్ద చెయ్యి ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంది. నీళ్ళు వదిలి బురద మీద గెంతే చేపలను కూడా చూశాం. నీటికుక్కలు రెండు తలలు పైకి పెట్టి మమ్మల్ని చూసి మునిగిపోయాయి. బావురుపిల్లి కనపడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? అది మన ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. నీళ్ళలో దిగి చేపలు పట్టుకుంటుంది. ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. మేము చూసింది దాని అడుగుజాడలు. అవి కూడా ఆయన చూపిస్తేనే.

కళ్ళు మాకూ ఉన్నాయి. కానీ ఆ బురదను చదవడం ఆయనకే వచ్చు. మీకు అక్షరాలు రాకముందు బస్సు మీద బోర్డు ఎలా ఉండేది? గీతలు. ఇప్పుడు నరసరావుపేట అని కనపడుతుంది. మాకూ ఆ రోజు అలాగే అయింది. అందుకే దారి చూపే మనిషి లేకుండా పోవద్దు అంటాను.

ఆయన ఇంకో సంగతి చెప్పాడు. పిట్ట తింటూ ఉంటే మనం ఉన్న దూరం సరిపోయినట్టు. తినడం ఆపి తల ఎత్తిందంటే మనం మరీ దగ్గరికి పోయినట్టు. ఎగిరిపోయిందంటే తప్పు మనదే. చలికాలంలో వచ్చే పిట్టల్లో కొన్ని వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. ఇక్కడ తిని బలం పుంజుకుంటేనే వెనక్కి పోగలవు. మనం ఒక ఫొటో కోసం లేపితే, దాని నోటి కాడ కూడు తీసినట్టే.

ఇరవైమంది కేకలు వేస్తూ పోతే ఏ జీవమూ ఉండదు. ఐదారుగురు మాట్లాడకుండా పోతే అన్నీ ఉంటాయి. కొద్దిమందే పోవాలి అనడానికి ఇది ఒక కారణం. రెండో కారణం మన ప్రాణం.

ఇంకోసారి ఇంకో ఊళ్ళో నదిలో పడవ ఎక్కాను. ఆ ఊరి పేరు చెప్పను. పడవ మీద బోర్డు ఉంది. 12 మంది అని రాసి ఉంది. నేను లెక్కపెట్టాను. పిల్లలతో కలిపి 23 మంది. లైఫ్ జాకెట్లు ఒక మూలన మూటకట్టి ఉన్నాయి. "అన్నా, బోర్డు మీద 12 అని ఉంది కదా" అన్నాను. "ఏం కాదమ్మా, రోజూ పోయేదే" అన్నాడు. నేను దిగిపోయాను. నాతో ఒక్క అక్క మాత్రం దిగింది. పడవ పోయింది, క్షేమంగా తిరిగి వచ్చింది. వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు కూడా. టిక్కెట్టు డబ్బులు తిరిగి ఇవ్వలేదు.

నవ్వితే నవ్వనీ. 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం కాడ కృష్ణలో పడవ బోల్తా పడింది. ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. 26 మంది బయటపడ్డారు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఏమైందో మీరే అనుకోండి.

మీరు ఇప్పుడు 12 అనే అంకె చదవగలరు. మనుషుల్ని లెక్కపెట్టగలరు. జాకెట్ తొడుక్కోండి. చీర మీదనే తొడుక్కోవచ్చు, సిగ్గు పడక్కర్లేదు. పట్టీలు బిగించుకోండి. వదులుగా ఉంటే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ పైకి వస్తుంది, మనిషి కిందికి పోతుంది. గాలి ఎక్కువగా ఉంటే ఎక్కకండి. పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అని పడవ నడిపే మనిషిని అడగండి. ఆటు వచ్చినప్పుడు కాలువలో నీళ్ళు తగ్గి పడవ బురదలో కూరుకుపోవచ్చు. ఈ వేళలు రోజూ ఒకేలా ఉండవు. దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి.

దగ్గర్లో ఏమీ లేదా అని అడుగుతారేమో. ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక. ఆ తీరానికి సముద్రపు తాబేళ్ళు వస్తాయి. సంక్రాంతి మొదలు ఏప్రిల్ దాకా వాటి కాలం. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, వెనక కాళ్ళతో గుంట తవ్వి, వంద గుడ్ల దాకా పెడుతుంది. ఇసుక కప్పి పోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అడవి శాఖవాళ్ళు గుడ్లను ఏరి, కంచె వేసిన ఇసుకలో పెట్టి, పిల్లలను సముద్రంలో వదులుతారు. పిల్లలు వెలుతురు ఉన్న వైపు పోతాయి. మనం టార్చిలైటు వేస్తే సముద్రం అనుకుని రోడ్డు వైపు వస్తాయి. పెద్దవైన తాబేళ్ళు తాము పుట్టిన తీరానికే వచ్చి గుడ్లు పెడతాయి. ఈ మాట చెబితే మన పెద్దమ్మ ఏమందో తెలుసా? "అయితే కాన్పుకు పుట్టింటికి వచ్చినట్టేగా!" కాకపోతే అది సరిగ్గా మన మిరపకోతల కాలం. కూలి మానుకుని ఎవరు వస్తారు?

ఈ పడవల వల్ల ఊరికి కూలి కూడా దొరుకుతుంది. ఒడిశాలో చిలకా సరస్సు పక్కన మంగళజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు ఆ ఊళ్ళో పిట్టల్ని కొట్టి అమ్ముకునేవాళ్ళు చాలామంది. తర్వాత వాళ్ళే పిట్టలకు కాపలా అయ్యారు. గడకర్రతో పడవ తోస్తూ, వచ్చినవాళ్ళకు పిట్టలు చూపిస్తున్నారు. పిట్ట ఎక్కడ దాక్కుంటుందో కొట్టినవాడికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? మహారాష్ట్రలో వెంగుర్ల అనే ఊళ్ళో జాలరి ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. పేరు స్వామిని. మన పొదుపు సంఘం లాంటిదే. 2017 నుంచి వాళ్ళే తెడ్డు వేసి మడ అడవిలో మనుషుల్ని తిప్పడం మొదలుపెట్టారు. ఈ సంగతి విన్నప్పటి నుంచి నాకు వాళ్ళ పడవ ఎక్కాలని ఉంది.

ఇక మన ప్రయాణం. తుపానుల కాలం దాటాక, సంక్రాంతికి ముందు, మిరపకోతలు ఊపందుకోకముందు పోదాం. బస్సులో నరసరావుపేట, గుంటూరు. బెజవాడలో రైలు. తెల్లారేసరికి కాకినాడ చేరాలి. పొద్దున్నే అయితే పిట్టలు బాగా కనపడతాయి. పోయేముందు కోరంగికి ఫోను చేసి పోటు వేళ కనుక్కునే పని నాది. ఎర్ర చీరలు, మెరిసే చీరలు వద్దు. మట్టి రంగు, ఆకుపచ్చ కట్టుకోండి. పులిహోర పొట్లాలు పడవలో విప్పవద్దు, ఒడ్డున తిందాం.

ఇదిగో కాగితం. వచ్చేవాళ్ళు మీ పేరు మీరే రాయండి. వేలిముద్ర తీసుకోను. ఒక పడవకు ఆరుగురు. ఏడో పేరు రెండో పడవ కింద రాయండి. మొదటి పేరు పెద్దమ్మది. పెద్దమ్మా, పెన్ను పట్టుకో.