గులకరాయి, చింతగింజ, భేదము
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము మలేషియాలో మూడవ తరమువారము. పగలు బడిలో మలయ్ భాషలో గణితము చెప్పి, సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవారము. తప్పులుంటే మన్నించగలరు.

మొన్న తరగతిలో ఒక బాలుడు అడిగినాడు: “మాస్టారూ, రేపు నాకు గణితం పరీక్ష. తెలుగు దానికి ఏమి పనికివస్తుంది?” ఆనాడు మాకు జవాబు తోచలేదు. ఈనాడు చెబుతాము.

వాడు చదివేది కాల్క్యులస్. లాటిన్‌లో ఆ మాటకు గులకరాయి అని అర్థము. రోమనులు గులకరాళ్లతో లెక్కలు వేసేవారు. మా మామ్మ తోటలో కొబ్బరికాయలు లెక్కపెడుతూ నూటికొక చింతగింజ పక్కన పెట్టేది. ఆమెకు చదువు రాదు. పద్ధతి మాత్రము అదే. తెలుగులో ఈ శాస్త్రము పేరు కలన గణితము. కలనము అంటే లెక్కించుట. చిన్న తరగతిలోని సంకలనము, వ్యవకలనము కూడా ఆ ఇంటి బిడ్డలే.

1675 అక్టోబరు 29న జర్మన్ పండితుడు లైబ్నిజ్ తన కాగితములలో పొడవైన ఎస్ అక్షరము ఒకటి వ్రాసినారు. మొత్తము అనే అర్థముగల ‘సుమ్మా’ అనే లాటిన్ మాటకు అది మొదటి అక్షరము. మన పిల్లలు నేడు వేసే సమాకలన గుర్తు అదే. 1690లో యాకోబ్ బెర్నూలీ ‘ఇంటిగ్రల్’ అనే మాటను అచ్చులో వాడినారు. దాని మూలమునకు పూర్ణము అని అర్థము.

ఇక డిఫరెన్షియేషన్. తెలుగులో అవకలనము. ఇంగ్లీషు పేరు భేదము అనే అర్థముగల లాటిన్ మాట నుండి వచ్చినది. మలయ్ పుస్తకములో దానిని పెంబెజాఅన్ అంటారు. అందులోని ‘బెజా’ సంస్కృతము నుండి వచ్చిన మన భేదమే. ముప్పై ఏళ్లు నల్లబల్లపై ఆ మాట వ్రాసినాము. అది మన ఇంటి మాటేనని సాయంకాలపు తరగతిలో ‘భేదము’ అని దిద్దిన రాత్రి గాని తెలియలేదు.

తెలుగు వస్తే మార్కులు పెరుగునని మేము చెప్పము. పరాయిదనుకున్న పుస్తకములో మన చుట్టము కనబడితే గుర్తుపట్టగలము, అంతే.

ఒకప్పుడు మన తరగతిలో బల్లలు చాలేవి కావు. ఈ ఏడు ఏడుగురే పిల్లలు. శుక్రవారము మీ పిల్లలను పంపండి. ఆ బాలుణ్ణి కూడా పంపండి. పరీక్ష అయిపోయినది కదా!