సరిహద్దు రహస్యము – ఎన్నికల వోటు

అపరాధ పరిశోధక నవలలలో హంతకుడు దాగియుండుట సంప్రదాయము. ఎన్నికల ప్రచారమును సరిహద్దు సీమల నాటి రహస్యముతో ముడివేయు అమెరికన్ నవలలను చదువునపుడు మనము మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను: ఆ సీమలలో చంపుటయే ఒక్కొక్కప్పుడు బిరుదైనది. ఇందుకు చరిత్రయే సాక్షి.

1813 అక్టోబరు 5వ తేదీన, నేటి కెనడాలోని థేమ్స్ నదీతీరమున జరిగిన యుద్ధములో షానీ తెగ నాయకుడు టెకుమ్సే కూలెను. అతనిని చంపిన వీరుడు రిచర్డ్ జాన్సనే యని 1836 ఎన్నికలలో ఆయన పక్షమువారు చాటిరి. 1837లో సెనేటు జాన్సనును ఉపాధ్యక్షునిగా ఎన్నుకొనెను. టెకుమ్సేను చంపినదెవరో నేటికిని నిశ్చయముగా తేలలేదు. అతని సమాధి యెచ్చటనో తెలియదు.

కనుక ఇట్టి నవలలో హంతకుడెవరని మాత్రమే అడిగిన చాలదు. ఆ చావు ఎవరికి వోట్లు తెచ్చెను, మృతుని పక్షమున మాటాడువారెవరు అనియు మనము అడుగవలెను.