అంటు కట్టని కొమ్మ
(అశ్వారావుపేట విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నిపుణుణ్ణి కాను. నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. అది మీరు చేయకుండా ఉంటే చాలు.

మన మిత్రుడొకరు కాలం చేశాక, ఆయన భార్యకు కుటుంబ పింఛను కోసం సర్వీసు రిజిస్టరు పుటలు, పింఛను ఉత్తర్వు, మరణ ధ్రువపత్రం అన్నీ స్కాన్ చేశాను. మా మనవడు నా విండోస్ కంప్యూటరులోనే లినక్స్ పెట్టి ఇచ్చాడు. అందులో ఒక్క ఆజ్ఞతో పుటలన్నీ వరుసగా ఒకే ఫైలుగా కూర్చవచ్చు. కూర్చి, పెన్ డ్రైవులోకి కాపీ చేశాను. తప్పు జరిగినట్టు తెర మీద ఒక్క అక్షరం రాలేదు. మర్నాడు ఆ చెల్లెమ్మ తొలి బస్సులో కొత్తగూడెం వెళ్లింది. అక్కడ తెరిస్తే పెన్ డ్రైవు ఖాళీ! సాయంత్రం తిరిగివచ్చి, "పోనీలెండి అన్నయ్యగారూ, మళ్ళీ వెళతాను" అంది. తిట్టి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాను.

మరి ఆ ఫైలు ఎటు పోయింది? విండోస్‌లో సి, డి, ఇ అని ఒక్కో డిస్కు ఒక్కో ఇల్లు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్‌లో అలా కాదు. అంతా ఒకే చెట్టు. ఏ డిస్కునైనా ఆ చెట్టు కొమ్మకు, మనం మామిడికి అంటు కట్టినట్టు, కట్టాలి. దాన్నే 'మౌంట్' అంటారు. 2016లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో లినక్స్‌కు చోటిచ్చింది. అందులో సి, డి వంటి స్థిరమైన డిస్కులు 'ఎమ్‌ఎన్‌టి' అనే ఫోల్డరు కింద వాటంతట అవే అంటుకుంటాయి. తరువాత గుచ్చిన పెన్ డ్రైవును మాత్రం మనమే కట్టాలి.

నేను అంతకు ముందువారం కట్టాను. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టగానే ఆ అంటు ఊడిపోయింది. 'ఇ' అనే ఖాళీ ఫోల్డరు మాత్రం మిగిలింది. నా ఫైలు అందులోకి, అంటే లినక్స్ సొంత డిస్కులోకి పోయింది. అంటు పోయినచోట మొదటి చెట్టు చిగురు వేసినట్టన్నమాట. అదృష్టవశాత్తు ఫైలు అక్కడే భద్రంగా ఉంది. రెండో ప్రయాణంలో కాగితాలు అందాయి.

కనుక నాలుగు జాగ్రత్తలు. ఒకటి, పెన్ డ్రైవు గుచ్చిన ప్రతిసారీ మౌంట్ ఆజ్ఞ ఇవ్వండి. రెండు, కాపీకి ముందు 'మౌంట్‌పాయింట్' అనే ఆజ్ఞతో అంటు ఉందో లేదో అడగండి. మూడు, కాపీ అయ్యాక విండోస్ కిటికీలోనూ ఫైలు తెరిచి చూడండి. నాలుగు, తీసేముందు 'యుమౌంట్' చేసి, విండోస్‌లో కూడా సురక్షితంగా తొలగించండి. ఎప్పుడూ కలిపే ఉంచే డిస్కయితే 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్' అనే ఫైలులో ఒక వరుస రాస్తే చాలు. పెన్ డ్రైవుకు అది నమ్మకం కాదు, దాని అక్షరం మారవచ్చు. 1995లో మొదలైన సిగ్విన్ వాడేవారికి ఈ బెడద తక్కువ. అందులో డ్రైవులన్నీ 'సిగ్‌డ్రైవ్' కింద వాటంతట అవే కనిపిస్తాయి.

ఉద్యోగంలో ఉండగా తపాలు పంపితే, అందినట్టు రసీదు వచ్చేదాకా ఫైలు మూసేవాళ్లం కాదు. ఆ పాత అలవాటే ఇక్కడా మనల్ని కాపాడుతుంది.

సెలవు. నమస్కారం.