నొప్పి లేదని ఊరుకోకండి



"నొప్పి లేదు కదా డాక్టరుగారూ, అందుకే ఊరుకున్నాను." మూత్రంలో నెత్తురు పడిన ఆర్నెల్లకు నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అన్న మాట ఇది. ముట్లు ఆగిపోయే వయసు కదా, అదే అయివుంటుందని కొన్నాళ్ళు, వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగుతూ కొన్నాళ్ళు గడిపేశారు. నిజానికి నొప్పి లేకుండా నెత్తురు పడటమే మూత్రాశయపు కాన్సరుకు ముఖ్యమైన గుర్తు. అలా పడిన ప్రతివారికీ కాన్సరేనని కాదు సుమండీ! కాని ఒక్కసారి కనిపించి ఆగిపోయినా పరీక్ష చేయించుకోవలసిందే.

ముందుగా సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూస్తారు. గడ్డ ఉంటే మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిగుండానే పరికరం పంపి తీసేస్తారు. పొట్టమీద కోత ఉండదు. తీసిన ముక్కను పరీక్షిస్తే జబ్బు పైపొరల్లోనే ఉందో, కండరం దాకా పాకిందో తెలుస్తుంది.

పైపొరల్లోనే ఉంటే చాలామందికి మూత్రాశయం దక్కుతుంది. అవసరమైతే లోపలికి మందు ఎక్కిస్తారు. క్షయ రాకుండా పసిపిల్లలకు వేసే బి.సి.జి. ఇక్కడా పనికివస్తుంది. అయితే ఈ గడ్డలు మళ్ళీ మళ్ళీ మొలుస్తాయి. అందుకని "బాగానే ఉన్నానుగా" అనుకుని తిరిగి చూపించుకోవడం మానకూడదు.

కండరంలోకి పాకితే సాధారణంగా మూత్రాశయాన్నే తీసెయ్యాలి. ఆడవారికి చాలాసార్లు గర్భసంచి కూడా తీస్తారు. కొందరికి ఆపరేషను బదులు రేడియేషను, మందులు కలిపి ఇస్తారు.

మరి మూత్రం పోయేదెలా? ఒక పద్ధతిలో చిన్నప్రేగు ముక్కతో దారి చేసి, పొట్టమీద చిన్న ద్వారం పెడతారు. దానిమీద సంచి అతికించుకోవాలి. రెండో పద్ధతిలో ప్రేగుతోనే లోపల కొత్త సంచి కుట్టి, మామూలు దారికి కలుపుతారు. ఇది నిండినట్టు మునుపటిలా తెలియదు. గడియారం చూసుకుని వెళ్ళాలి, రాత్రిళ్ళు కూడా లేవాలి. కొందరు గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవలసి వస్తుంది. మీకేది తగునో ఆపరేషనుకు ముందే అడిగి తెలుసుకోండి.

"సంచీతో నలుగురిలోకి ఎలా వెళ్ళను?" అని ఆవిడ ఏడ్చారు. ఇప్పుడు పట్టుచీర కట్టుకుని పేరంటాలకు వెళుతున్నారు, ఎవరికీ తెలియదు. కాని ఆర్నెల్ల ముందే వచ్చివుంటే మూత్రాశయం దక్కేదేమో!

ఇంకొక్క మాట. ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం పొగ తాగడం. ఇది ఆడవారికన్నా మగవారికే ఎక్కువగా వస్తుంది. మీవారికి సిగరెట్టు అలవాటుంటే ఈ సంగతి వారి చెవిని కూడా వేయండి. సెలవు.