ఇంటి అలారం మూగవోయినప్పుడు

తలుపు తెరచినప్పుడు మోగవలసిన అలారం మోగకపోవుట ఒక చిక్కు. అది మోగదన్న సంగతి ఇంటివారికి తెలియకపోవుట అంతకంటె పెద్ద చిక్కు. మా యింట ఈ రెండును ఒక్కసారే వచ్చినవి. ఆ ముచ్చట శ్రోతలలో కొందరికైనను ఉపకరించునని చెప్పుచున్నాము.

డెబ్బది నాలుగేండ్ల మా అమ్మగారు ఊరిలోని పాత యింట ఒంటరిగా నుందురు. నాలుగేండ్ల క్రిందట ఆ యింటికి అలారం పెట్టించితిమి. వీధి తలుపునకు, పెరటి తలుపునకు అయస్కాంతపు స్విచ్చులు, హాలులో మనిషి కదలికను పసిగట్టు కన్ను, గోడమీద ఒక పెట్టె, బయట సైరను. పెట్టెలో సీలు చేసిన చిన్న బ్యాటరీ కలదు. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్లు. కరెంటు ఉన్నంతసేపు పెట్టె దానితో నడచుచు బ్యాటరీని నింపుచుండును. కరెంటు పోయిన క్షణమున బ్యాటరీ ఆ భారమును అందుకొనును. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సీసపు పలకల బ్యాటరీకి ఇది మునిమనుమరాలు.

మూడేండ్లు అంతయు బాగుగా నడచినది. అమ్మగారికి ఎంత నమ్మకము కుదిరినదనగా, పెరటి తలుపునకు అడ్డగడియ వేయుటయే మానివేసిరి. పిమ్మట ఒక సంక్రాంతి వెళ్లిన కొలది దినములకు పెట్టె నిమిషమున కొకసారి కీచుమనుట మొదలుపెట్టినది. బ్యాటరీ గుర్తు వద్ద ఎఱ్ఱదీపము వెలిగినది. మెకానిక్కు సాయంకాలము వచ్చి, చూచి, బ్యాటరీ పాతదని క్రొత్తది వేసెను. వారము గడువకమునుపే మరల కీచు. మరల సాయంకాలము వచ్చి మఱియొక బ్యాటరీ వేసెను. మరల అదే తంతు. మూడవసారి పెట్టెయే చెడినదని తేల్చెను. ఆ కీచు వినలేక అమ్మగారు దానిమీద తువ్వాలు కప్పిరి.

ఒకనాటి తెల్లవారుజామున, అలారం వేసియున్న సంగతి మరచి ఆమె పెరటి తలుపు తీసిరి. సైరను పలుకలేదు. "మన కాపలావాడు నాకంటె గాఢంగా నిద్రపోతున్నాడురా నాయనా" అని ఫోనులో నవ్వుచు చెప్పిరి. మాకు నవ్వు రాలేదు. ఎన్ని రాత్రులుగా ఆ తలుపునకు గడియయు లేదు, గంటయు లేదో!

తరువాతి ఆదివారము ఉదయము పది గంటలకు వెళ్లి పెట్టె ముందు నిలిచితిమి. కరెంటు అందుచున్నదని తెలుపు పచ్చదీపము ఆరియున్నది. ఇంట ఫ్యాను మాత్రము తిరుగుచునే యున్నది. ట్రాన్స్‌ఫార్మరు తీగవెంట పోగా అది టీవీ వెనుకనున్న బోర్డు కడకు చేరినది. పండుగకు టీవీని ఆ మూలకు మార్చినవారము మేమే. రెండు ప్లగ్గులను ఒకే స్విచ్చి క్రిందికి తెచ్చినవారమును మేమే. రాత్రి పది గంటలకు టీవీ ఆపి, కరెంటు వృథా కారాదని అమ్మగారు ఆ స్విచ్చిని కూడ ఆపుదురు. మరల వేయునది మరునాటి సాయంకాలము ఆరు గంటలకే.

లెక్క చూడుడు. మా పెట్టె, దాని పరివారము కలిసి సుమారు 0.3 ఆంపియరు లాగును. ఇరువది గంటలకు అది 6 ఆంపియర్-అవర్లు. అనగా బ్యాటరీలో నున్నదంతయు దాదాపు ఖర్చు. మిగిలిన నాలుగు గంటలలో పెట్టెలోని చిన్న ఛార్జరు దానిని పూరింపజాలదు. ఇట్లు నిత్యము ఖాళీగా నుంచిన పలకలమీద సీసపు సల్ఫేటు గట్టిపడి, క్రొత్త బ్యాటరీ కూడ త్వరలోనే ముసలిదగును.

మెకానిక్కునకు ఇది కనబడకపోవుటకు కారణమును అప్పుడే బోధపడినది. అతడు వచ్చినప్పుడెల్ల సాయంకాలమే, టీవీ నడచుచుండగానే! పచ్చదీపము వెలుగుచుండును; బ్యాటరీ కొనల వద్ద మీటరు 13.6 వోల్టులు చూపును. అది ఛార్జరు చూపించు వోల్టేజియే కాని బ్యాటరీ బలము కాదు.

కనుక బ్యాటరీని పరీక్షింపదలచినవారు మొదట పెట్టెకు కరెంటు ఆపవలెను. నిండిన బ్యాటరీని విడదీసి కొన్ని గంటలు ఊరకుంచినచో 12.7 వోల్టుల ప్రాంతమున నిలుచును. 12కు దిగినచో అది చాలవరకు ఖాళీయైనట్లే. అయినను ఈ కొలతను మాత్రమే నమ్మరాదు. అరిగిన బ్యాటరీ ఊరకున్నప్పుడు పెద్దమనిషివలె నుండి, బరువు పడగానే కూలబడును. దానిని మరల తగిలించి, కరెంటు లేకుండగనే సైరను మోగించి చూడవలెను. మీటరు వెంటనే 11కు లోబడి జారినచో ఆ బ్యాటరీని మార్చుటయే మేలు. క్రొత్తది వేసినను మరల ఖాళీ యగుచున్నదా? అప్పుడు నేరము బ్యాటరీది కాదు. స్విచ్చి, ప్లగ్గు, ట్రాన్స్‌ఫార్మరు, ఫ్యూజు, ఛార్జరు, ఈ వరుసలో వెదకవలెను.

మార్చునప్పుడు కరెంటు ఆపిన తరువాతనే బ్యాటరీ తీగలు తీయవలెను. ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు. పొట్ట ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. పాతదానిలో సీసమున్నది గనుక చెత్తకుండిలో వేయక దుకాణమున కిచ్చివేయవలెను. సామాన్యముగా ఇవి మూడు నుండి ఐదేండ్లు వచ్చును. మన యెండలు వీనికి శత్రువులు: పది డిగ్రీల వేడి పెరిగిన ఆయువు సుమారు సగమగును. పడమటి గోడకు పెట్టె బిగించినవారు ఈ మాట గమనింతురు గాక.

ఇప్పుడు మా పెట్టెకు స్విచ్చి లేని వేరు లైను వేయించితిమి. బ్యాటరీమీద తారీకు వ్రాసితిమి. అడ్డగడియ మరల పడుచున్నది. నెలకొకసారి, ఇరుగుపొరుగువారికి ముందుగా చెప్పి, అమ్మగారే కరెంటు ఆపి సైరను మోగించుచున్నారు. పగలంతయు ఆ పచ్చదీపము వెలుగుట మాత్రము ఆమెకు నచ్చలేదు. రోజుకు పావు యూనిట్టు మించదని ఎన్నిమార్లు చెప్పినను, బిల్లు వచ్చినప్పుడెల్ల మాకు ఫోను వచ్చుచునే యున్నది.